కుటుంబానికి ఎంత, పేదలకు ఎంత: వీలునామాల్లో ఆస్తి పంపకం ఎలా నడిచింది, ఎక్కడ చిక్కుపడింది

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణల చట్టం 1925 నాటి భారత వారసత్వ చట్టం నుంచి 213వ సెక్షన్‌ను తొలగించింది. ఆ మార్పును చాలామంది "ఇక వీలునామాను కోర్టులో రుజువు చేసే పనే లేదు" అని అర్థం చేసుకుంటున్నారు. అది సరికాదు. ప్రొబేట్ అంటే ఫలానా వీలునామా అసలైనదేనని కోర్టు విచారించి ఇచ్చే ధ్రువీకరణ. 213వ సెక్షన్ ఆ ధ్రువీకరణను హిందువుల విషయంలో కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టుల పాత పరిధులకు సంబంధించిన వీలునామాలకే తప్పనిసరి చేసింది. గుంటూరులో కూర్చుని గుంటూరు ఆస్తి గురించి రాసిన హిందువుకు ఆ నిర్బంధం ఎన్నడూ లేదు. చెన్నై నగరంలో ఇల్లో, స్థలమో ఉన్న మన జిల్లాల కుటుంబాలకు మాత్రం ఇప్పుడు ఒక పెద్ద ఖర్చు, ఒక పెద్ద జాప్యం తగ్గాయి. వీలునామాపై తగాదా వస్తే దాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత నిన్న ఎంత ఉందో నేడూ అంతే ఉంది.

ఈ సందర్భంలో దీనికంటే లోతైన మరో ప్రశ్నను విడదీసి చూడాలి. ఒక మనిషి తన తదనంతరం ఆస్తిని ఇంటివారికి ఎంత, పేదలకు ఎంత అని విడగొట్టినప్పుడు చట్టం ఆ విభజనను ఎంతవరకు నిలబెడుతుంది? కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో అన్నదానానికి, సత్రానికి, చదువుకు, దేవుడికి రాసిన వీలునామాలు తరతరాలుగా ఉన్నాయి. వాటిలో కుటుంబానికి రాసిన భాగం ఏదో ఒక రూపంలో చేతికి అందుతుంది. పేదలకు రాసిన భాగమే ముందుగా జారిపోతుంది. అందుకు కారణం చట్టానికి దానం మీద ద్వేషం కాదు. ఆ వాటాను అడిగే మనిషిని, అది వచ్చే ఆదాయాన్ని, అది వెళ్లవలసిన చోటును వీలునామాలో స్పష్టంగా రాయకపోవడమే.

వీలునామా ఏది, దాన సెటిల్‌మెంటు ఏది

వీలునామా రాసిన రోజున ఎవరికీ ఏ హక్కూ రాదు. రాసిన వ్యక్తి బతికి ఉన్నంత కాలం ఆస్తి ఆయనదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, వీలునామాను రద్దుచేసి మరొకటి రాయవచ్చు. చెల్లుబాటయ్యేది చివరిది. అందుకే పాత పత్రాల్లో "ఇదే నా కడపటి వీలునామా" అన్న మాట కనిపిస్తుంది. దాన సెటిల్‌మెంటు దస్తావేజు ఇందుకు పూర్తిగా భిన్నం. అది రిజిస్టరు కావాలి, స్టాంపు సుంకం కట్టాలి, హక్కు వెంటనే మారుతుంది, ఇచ్చినవారు ఏకపక్షంగా వెనక్కి తీసుకోవడం సాధారణంగా కుదరదు. కొందరు పైన "వీలునామా" అని పేరు పెట్టి, లోపల "ఈ దినమే స్వాధీనపరచితిని" అని రాయిస్తారు. కోర్టు పేరును పట్టించుకోదు, లోపలి మాటలనే చూస్తుంది.

వీలునామా చెల్లాలంటే భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసిన వ్యక్తి సంతకమో వేలిముద్రో ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ ఆయన సంతకం చేయడం చూసి ఉండాలి లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి, ఆ పైన ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండనక్కర్లేదు. స్టాంపు కాగితం అవసరం లేదు.

రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే. అయినా చేయించేవారు ఎక్కువ, అందుకు కారణమూ ఉంది. రిజిస్టరైన వీలునామాను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో 3వ నంబరు పుస్తకంలో నకలు చేస్తారు. మిగతా ఆస్తి దస్తావేజుల నకళ్లను ఎవరైనా అడిగి తీసుకోవచ్చు గాని, 3వ పుస్తకంలోని నకలును రాసిన వ్యక్తి బతికి ఉండగా ఆయనకు లేదా ఆయన ప్రతినిధికి తప్ప ఇవ్వరు. మరణం తర్వాత ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. ఇంట్లో కాగితం చింపేసినా ఆ పుస్తకంలో మాట మిగులుతుంది. పేదలకు ఏదైనా రాసిన వీలునామాకు ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే అసలు పత్రం ఎప్పుడూ కుటుంబం బీరువాలోనే ఉంటుంది.

పాత వీలునామాలు నడిచిన తీరు

హిందూ ధర్మశాస్త్రాల్లో దానం ఉంది, విభాగం ఉంది, దత్తత ఉంది. మరణశాసనంతో ఆస్తిని పంచే పద్ధతి మాత్రం బ్రిటిష్ కోర్టుల కాలంలో స్థిరపడింది. 1870 నాటి హిందూ విల్స్ చట్టం దిగువ బెంగాల్‌కూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ పరిమితమైంది. అంటే మన జిల్లాల్లో 1926 చివరిదాకా హిందువు నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా, నమ్మదగిన సాక్ష్యం ఉంటే, చెల్లేది. 1927 జనవరి 1 నుంచి రాసేవాటికి లిఖితం, సంతకం, సాక్షులు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. "మా ముత్తాత పదిమంది ముందు చెప్పాడు" అనే వాదన ఏ సంవత్సరానిదన్నది ఇందుకే ముఖ్యం.

ఆ తరం పత్రం ధోరణి ఇలా ఉండేది: "నాకు వయస్సు మీరినందునను, శరీరము అస్థిరమగుటచేతను, నా తదనంతరము నా వారసుల మధ్య తగాదాలు రాకుండుటకుగాను, పూర్తి స్వస్థబుద్ధితో, ఒకరి ప్రోద్బలము లేక వ్రాయించిన వీలునామా." ఆ తర్వాత సర్వే నంబర్లు, నాలుగు హద్దులు. పంపకంలో భార్యకు జీవితాంతం ఇంట్లో ఉండే హక్కు, తిండికి కొంత మాగాణి. పెళ్లైన కూతుళ్లకు "పసుపు కుంకుమల కింద ఇదివరకే ఇచ్చితిని" అన్న ఒక్క వాక్యం. కొడుకులకు "దాన విక్రయాది సర్వాధికారములతో" మిగతా భూమి. చివర్లో దేవుడికి, బీదలకు రెండు మూడు పంక్తులు. ఆ క్రమం అనుకోకుండా వచ్చింది కాదు. తన వారికి భద్రత కల్పించాక, తనకు పుణ్యం అన్న భావంతో చివరి పంక్తులు రాసేవారు. పెళ్లైన కూతురికి ఒక వాక్యంతో సరిపెట్టడం న్యాయమని నేను అనుకోను. ఆ వాక్యం ఎన్ని కేసులకు మూలమైందో ఏ సివిల్ న్యాయవాదిని అడిగినా చెబుతారు.

ఎంత పేరున్న దాత అయినా తన తదనంతర వ్యవస్థ గట్టిగా లేకపోతే ఏమవుతుందో మన నేలే చూపించింది. అమరావతిని రాజధానిగా చేసుకున్న జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గుళ్లకు, గోపురాలకు చేసిన ఖర్చుతో చరిత్రలో నిలిచారు. 1816లో ఆయన మరణించాక ఇద్దరు దత్తపుత్రుల పక్షాల మధ్య వ్యాజ్యం దశాబ్దాల పాటు సాగి అప్పట్లో చివరి అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తుడు ఉండగా చేసిన రెండో దత్తత చెల్లదని 1840ల్లో తీర్పు వచ్చింది. నేటికీ హిందూ దత్తత చట్టం చరిత్రలో దాన్ని ప్రస్తావిస్తారు.

తనది కానిదాన్ని రాయలేరు: ఎనిమిది ఎకరాల లెక్క

వీలునామా తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోట మొదలవుతాయి. 1956కు ముందు మితాక్షర (కొడుక్కి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చే హిందూ ధర్మశాస్త్ర పద్ధతి) ఉమ్మడి కుటుంబంలోని సభ్యుడు విడిపోకుండా ఉన్న తన వాటాను వీలునామాలో రాయలేకపోయేవాడు. 1874లో మద్రాసు హైకోర్టు చెప్పిన కారణం ఇది: ఆయన మరణించిన క్షణంలోనే ఆ వాటా మిగతా సభ్యులకు చేరిపోతుంది, వీలునామా పనిచేయడం మొదలయ్యే సరికి రాయడానికి ఏమీ మిగలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఈ అడ్డును తొలగించి, ఉమ్మడి ఆస్తిలో తన వాటా మేరకు రాసుకునే హక్కు ఇచ్చింది.

లెక్క చూద్దాం. పొన్నూరు వైపు ఒక రైతుకు 8 ఎకరాల ఉమ్మడి పిత్రార్జితం, గుంటూరు బ్రాడీపేటలో తన జీతంతో కట్టుకున్న ఇల్లు ఉన్నాయి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆయన "8 ఎకరాలూ పెద్దవాడికి, ఇల్లు చిన్నవాడికి" అని వీలునామా రాశారు. ఇల్లు స్వార్జితం కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పొలం విషయంలో మాత్రం ఆయన మరణానికి ముందు విభాగం జరిగినట్టు ఊహించి వాటాలు వేయాలి. తండ్రీ బిడ్డల విభాగంలో భార్యకు విడిగా వాటా ఇచ్చే ఆనవాయితీ దక్షిణాదిలో లేదు గనుక తండ్రి, ముగ్గురు బిడ్డలు కలిసి నాలుగు వాటాలు, ఒక్కొక్కటి 2 ఎకరాలు. వీలునామా ద్వారా పెద్దవాడికి వెళ్లేది తండ్రి 2 ఎకరాలే. తన సొంత 2 ఎకరాలతో కలిపి అతనికి 4 వస్తాయి. తమ్ముడి 2, చెల్లెలి 2 ఎకరాలను ఆ కాగితం తాకలేదు. వీలునామాయే లేకపోతే తండ్రి 2 ఎకరాలు భార్యకు, ముగ్గురు బిడ్డలకు అర ఎకరం చొప్పున వెళ్తాయి.

కూతురికి ఆ 2 ఎకరాలు ఎలా వచ్చాయి? ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లను కొడుకులతో సమానంగా ఉమ్మడి హక్కుదారులను చేసింది. 2005 కేంద్ర సవరణ పెళ్లి తేడాను తీసేసింది. తండ్రి 2005కు ముందే మరణించినా కూతురి హక్కు పుట్టుకతోనే ఉంటుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో పూర్తయిన విభాగాలను మాత్రం కదపలేదు.

దీనికి ఎదురుగా మరో అపోహ ఉంది: "తాత నుంచి వచ్చినదంతా పిత్రార్జితమే, మనవడి సంతకం లేకుండా నాన్న రాయలేడు" అన్నది. తాత స్వార్జితం 1956 తర్వాత వారసత్వంగా తండ్రికి వచ్చి ఉంటే అది తండ్రి చేతిలో సొంత ఆస్తే అవుతుందని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి ఆస్తిని ఆయన ఎవరికైనా రాయవచ్చు, పేదలకైనా సరే.

"భార్య జీవితాంతం అనుభవించి" అన్న పంక్తిపై రెండు వాదాలు

పాత వీలునామాల్లో అత్యంత సాధారణమైన ఈ పంక్తే నేటికీ అత్యంత వివాదాస్పదం. భర్త 1950లో 2 ఎకరాలను "నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా తమ్ముని కుమారునికి" అని రాశాడనుకుందాం. 1956 చట్టం 14(1) సెక్షన్ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి యజమానిని చేసింది. మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తి కూడా అందులోకి వస్తుంది. అయితే 14(2) సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది: వీలునామా వంటి పత్రమే ఆమెకు పరిమిత హక్కు ఇచ్చి ఉంటే, ఆ పరిమితి నిలుస్తుంది.

ఒక వాదం ఇది: భర్త ఆస్తి నుంచి పోషణ పొందడం భార్యకు ముందునుంచే ఉన్న హక్కు, వీలునామా ఆ హక్కును గుర్తించిందే తప్ప కొత్తగా ఏమీ ఇవ్వలేదు, కాబట్టి 14(1) ప్రకారం ఆమెది పూర్తి హక్కు. 1977లో తులశమ్మ కేసులో, అది వీలునామా కాక రాజీ డిక్రీయే అయినా, సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని విస్తారంగా నిలబెట్టింది. రెండో వాదం: తన ఆస్తిని తన ఇష్టం వచ్చిన షరతుతో రాసుకునే స్వేచ్ఛ భర్తకు ఉంది, 14(2)లో "వీలునామా" అన్న మాటను చట్టం ఊరికే పెట్టలేదు. 1971లో కర్మీ కేసులో వీలునామా ద్వారా జీవితకాల హక్కే పొందిన స్త్రీ దానికి మించి అడగలేదని అదే కోర్టు చెప్పింది. ఈ రెండు ధోరణుల మధ్య తీర్పులు ఎంతగా చీలిపోయాయంటే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

ఈ చర్చ పేదల వాటాకూ తగులుతుంది. "భార్య తదనంతరం ఆ పొలం అన్నదాన సత్రానికి" అని రాసిన చోట, భార్యకు పూర్తి హక్కు వచ్చిందంటే సత్రానికి ఏమీ రాదు. ఆమె అమ్మినా, కూతురికి రాసినా చెల్లుతుంది. వితంతువు భద్రత, దాత కోరిక ఇక్కడ నేరుగా ఢీకొంటాయి. చట్టసభ 1956లో వితంతువు వైపు నిలిచింది. అది సరైన వైపేనని నా నమ్మకం. అయినా దాత మాటను కొట్టిపారేయడం కూడా తేలిక కాదు.

పేదలకు రాసినది ఎప్పుడు నిలుస్తుంది

మొదటి పరీక్ష స్పష్టత. "నా మిగులు ఆస్తి ధర్మానికి వినియోగించవలెను" అని రాస్తే చదివేవారికి ఉద్దేశం అర్థమైనట్టే ఉంటుంది. కోర్టుకు మాత్రం అర్థం కాదు. బొంబాయి నుంచి వెళ్లిన రణఛోడ్‌దాస్ కేసులో 1899లో ప్రీవీ కౌన్సిల్, ధర్మానికి అని మాత్రమే రాసిన ఏర్పాటు మరీ అస్పష్టమని, దాన్ని అమలు చేయించడం కోర్టు వల్ల కాదని కొట్టేసింది. ఆ ఆస్తి తిరిగి వారసులకే పోతుంది. "మంగళగిరి కొండ కింద యాత్రికులకు అన్నదానానికి" అనో, "గుంటూరులో చదివే బీద విద్యార్థుల భోజనానికి" అనో రాస్తే నిలుస్తుంది. 1890 నాటి ధర్మాదాయ నిధుల చట్టం పేదల ఉపశమనం, విద్య, వైద్యం, సాధారణ ప్రజోపయోగం అన్న నాలుగింటినీ ధర్మకార్యాలుగా గుర్తించింది. వీటిలో ఏదో ఒకటి పత్రంలో స్పష్టంగా కనబడాలి. అలా కనబడితే శాశ్వతంగా రాయడానికీ అడ్డు లేదు. కుటుంబం కోసం పుట్టని తరాలకు ఆస్తిని కట్టిపడేయడాన్ని చట్టం నిషేధిస్తుంది గాని, ధర్మకార్యానికి ఆ నిషేధం వర్తించదు.

రెండో పరీక్ష మరింత చిక్కైనది: భూమినే ఇచ్చారా, భూమి మీద భారం మాత్రమే పెట్టారా? ఒక ఎకరం మాగాణి ఏటా 40,000 రూపాయల కౌలు తెస్తుందనుకుందాం. మొదటి వీలునామాలో "ఈ ఎకరం సత్రానికి చెందును, ఆదాయమంతా అన్నదానానికే, నా కొడుకులు ధర్మకర్తలుగా ఉందురు" అని ఉంది. రెండో దానిలో "నా కొడుకులు ఈ ఎకరం అనుభవిస్తూ, ఏటా కార్తీక పౌర్ణమికి 8,000 రూపాయలతో బీదలకు అన్నం పెట్టవలెను" అని ఉంది. మొదటిది సంపూర్ణ సమర్పణ. కొడుకులకు ఆ భూమిలో సొంత హక్కు లేదు, కౌలు 60,000కు పెరిగితే పెరిగినదంతా అన్నదానానిదే. రెండోది పాక్షిక సమర్పణ. భూమి కొడుకులదే, అమ్ముకోవచ్చు, కౌలు పెరిగితే లాభం వారిదే, 8,000 మాత్రం భూమిని అంటిపెట్టుకుని ఉండే భారం. 1957లో మేనకూరు దశరథరామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరిస్తూ, ఏది అన్నది పత్రం మొత్తాన్ని చదివి తేల్చాలని చెప్పింది.

తీర్పుల భాషలో ఇది సూక్ష్మమైన తేడాలా కనిపించవచ్చు. ఆచరణలో పేదల అన్నం పోయేది ఇక్కడే. భారం ఉన్న భూమిని, ఆ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవారిపై ఆ భారాన్ని అమలు చేయడం ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షన్ ప్రకారం కుదరదు. కొడుకు అమ్మకపు దస్తావేజులో వీలునామా మాటే ఎత్తకపోతే, కొన్నవారు నాకు తెలియదంటే, కార్తీక పౌర్ణమి అన్నదానం ఆ రోజుతో ఆగుతుంది. పైగా అంకెల్లో రాసిన 8,000 రూపాయలు ఇరవై ఏళ్ల తర్వాత ఎంతమందికి అన్నం పెడతాయి? ఆదాయంలో ఐదో వంతు అని రాసి ఉంటే ధరలతో పాటు ఆ భాగం పెరిగేది.

మూడోది పర్యవేక్షణ. హిందూ ధర్మాదాయాలపై 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం వర్తిస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా అలాంటి సంస్థ స్థిరాస్తిని అమ్మితే చెల్లదు. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని ఆ చట్టం 16వ సెక్షన్ రద్దు చేసింది, సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది. దాత కుటుంబానికి ధర్మకర్తల మండలిలో స్థానం మాత్రం మిగిలింది. దీనిపై రెండు పక్షాలకూ బలమైన మాటలున్నాయి. దాతల వారసులు అనేది: తాత నమ్మి మాకు అప్పగించాడు, దేవాదాయ శాఖ చేతికి వెళ్లాక సత్రంలో దీపం పెట్టే దిక్కు లేదు. శాఖను సమర్థించేవారు అనేది: ఎవరూ చూడని చోట ధర్మకర్తలే యజమానులయ్యారు, అన్నదానం కాగితంలో మిగిలి కౌలు ఇంట్లోకి పోయింది. ఈ రెండూ జరిగినవే. రాష్ట్ర పర్యవేక్షణ కొత్తదీ కాదు. సత్రాలకు, వంతెనలకు, దేవాలయాలకు ఇచ్చిన ఆస్తుల ఆదాయం దారి మళ్లుతోందని మద్రాసు ప్రభుత్వం 1817లోనే ఏడో రెగ్యులేషన్ తెచ్చింది.

కుటుంబాన్ని కాదని అంతా దానమిస్తే: మూడు చట్టాలు, మూడు జవాబులు

ఇక్కడ మతాన్ని బట్టి చట్టం మారుతుంది. హిందువు తన స్వార్జితం మొత్తాన్ని అనాథాశ్రమానికి రాయవచ్చు, పైపరిమితి లేదు. అయితే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 22వ సెక్షన్ ప్రకారం, వాటా ఏదీ అందని వితంతువు, వృద్ధ తల్లిదండ్రులు, మైనర్ బిడ్డలు, పెళ్లికాని కూతురు వంటి ఆధారితులు ఆ ఆస్తి తీసుకున్నవారి నుంచి పోషణ అడగవచ్చు.

ముస్లిం చట్టం పరిమితిని ముందే గీసింది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి వసీయత్ (వీలునామా) చెల్లదు, వారసులు సమ్మతిస్తే తప్ప. గుంటూరులో ఒకరి ఆస్తి 60 లక్షలు, అప్పులూ ఖర్చులూ 6 లక్షలు అనుకుంటే మిగిలేది 54 లక్షలు. అనాథాశ్రమానికి 30 లక్షలు రాసినా వెళ్లేది 18 లక్షలే, మిగతాది వారసులది. సున్నీ హనఫీ పద్ధతిలో వారసుల్లో ఒకరికి ప్రత్యేకంగా రాయాలన్నా మిగతావారి సమ్మతి కావాలి. ఈ వసీయత్ నోటిమాటగా కూడా చెల్లుతుంది.

కుటుంబం, పేదలు అన్న రెండు మాటలు ఒకే పత్రంలో ఎలా పెనవేసుకున్నాయో వక్ఫ్ (ముస్లింలు ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేసే ఆస్తి) చరిత్రలో బాగా కనిపిస్తుంది. తరతరాలకూ కుటుంబానికే ఆదాయం, వంశం పూర్తిగా అంతరించాకే పేదలకు అని రాసిన వక్ఫ్‌ను 1894లో ప్రీవీ కౌన్సిల్ కొట్టేసింది. పేదల పేరు అక్కడ ఉత్తి భ్రమ అన్నది వారి కారణం. ముస్లిం సమాజం దీన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. ఇస్లామీ దృష్టిలో తన కుటుంబాన్ని పోషించడమూ పుణ్యకార్యమే గనుక, విదేశీ కొలమానంతో దాన్ని భ్రమ అనడం తప్పు అన్నది వారి వాదన. 1913లో వక్ఫ్ ధ్రువీకరణ చట్టం అలాంటి కుటుంబ వక్ఫ్‌లను చెల్లుబాటు చేసింది. వాటి ద్వారా స్త్రీ వారసుల హక్కులకు భంగం కలగరాదని 2025 వక్ఫ్ సవరణ స్పష్టంగా చేర్చింది.

క్రైస్తవుల కథ వేరు, గుంటూరు వంటి చోట అది చాలా కుటుంబాలను తాకేది. భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ ప్రకారం, అన్నదమ్ముల లేదా అక్కచెల్లెళ్ల బిడ్డలో, అంతకంటే దగ్గరి బంధువులో ఉన్న వ్యక్తి మతపరమైన, ధార్మిక పనులకు ఆస్తి రాయాలంటే మరణానికి కనీసం 12 నెలల ముందే వీలునామా రాసి, రాసిన 6 నెలల లోపు దాన్ని చట్టం చెప్పిన చోట భద్రపరచాల్సి ఉండేది. అన్న కొడుకు ఉన్న ఒక పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు ఆసుపత్రికి ఇల్లు రాసి ఎనిమిది నెలలకు చనిపోతే ఆ దానం వీగిపోయేది. మరణశయ్యపై ఉన్నవారిని మతాధికారులు ఒత్తిడి చేస్తారన్న పాత ఇంగ్లండు భయం దీని మూలం. కేరళకు చెందిన ఒక క్రైస్తవ పూజారి జాన్ వల్లమట్టం దీన్ని సవాలు చేశారు. ఇతర మతస్థులకు లేని అడ్డు క్రైస్తవులకే ఎందుకన్నది ఆయన ప్రశ్న. 2003 జులైలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది.

ఈ మూడింటిలో కాగితం మీద అత్యంత స్పష్టమైనది మూడో వంతు నియమమే అనిపిస్తుంది, ఎందుకంటే మనిషి పోయిన మర్నాడే లెక్క తేలుతుంది. హిందూ పద్ధతి దాతకు ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చినా, వితంతువును పోషణ కోసం దావా వేయించే స్థితిలో పెడుతుంది. స్వేచ్ఛను సమర్థించేవారి జవాబు కూడా తేలికైనది కాదు: తనను చూడని కొడుకుకు కాక చూసిన ఆశ్రమానికి రాసే హక్కు లేకపోతే వృద్ధుల చేతిలో ఇంకేం మిగులుతుంది?

అనుమానం ఎక్కడ మొదలవుతుంది

వారసులను తప్పించడం ఒక్కటే వీలునామాను అనుమానాస్పదం చేయదు. సహజ వారసత్వాన్ని మార్చడానికే వీలునామా రాస్తారని సుప్రీంకోర్టు 1995లో గుర్తుచేసింది. వణికిన సంతకం, క్షీణించిన బుద్ధి, లాభం పొందినవారే దగ్గరుండి రాయించడం వంటివి ఉంటే, ఆ అనుమానాన్ని తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదని 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. బతికున్న సాక్షి ఒక్కరినైనా పిలవాల్సిందే. ముప్ఫై ఏళ్లు దాటిన పత్రాలకు ఉండే సడలింపు వీలునామాకు వర్తించదు. క్రైస్తవుల వీలునామాల్లో సాక్షికో, సాక్షి జీవిత భాగస్వామికో రాసినది వారికి దక్కదు. హిందువులకు ఆ నియమం లేకున్నా, అలాంటి సాక్షి మాటకు బలం తగ్గుతుంది. సత్రం గుమస్తానే సాక్షిగా పెట్టడం అందువల్ల ఆ సత్రానికే చేటు.

ఆ ఎకరం ప్లాటుగా మారితే

రాజధాని ప్రాంతంలో మరో చిక్కు వచ్చింది. 2015లో మొదలైన భూసమీకరణలో ఎకరం మెట్టకు 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 1000, 450 గజాలు, వాటితో పాటు పదేళ్ల పాటు ఏటా కౌలు పరిహారం ఇస్తామన్నారు. తుళ్లూరు వైపు ఒక రైతు 2010లోనే ఫలానా సర్వే నంబరులోని ఎకరం తన మరణానంతరం అన్నదానానికి అని వీలునామా రాసి, 2015లో ఆ భూమిని సమీకరణకు ఇచ్చి, 2019లో మరణించారనుకుందాం. భారత వారసత్వ చట్టం 152వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేకించి రాసిన వస్తువు మరణ సమయానికి ఆయనది కాకపోయినా, వేరే రకం ఆస్తిగా మారినా ఆ ఏర్పాటు రద్దవుతుంది. ఆయనే ఒప్పంద పత్రంపై సంతకం చేశారు కాబట్టి రద్దయిందని, ప్లాట్లు తమవని వారసులు అనవచ్చు. అదే చట్టం చట్టప్రక్రియ వల్ల వచ్చిన మార్పుతో ఏర్పాటు రద్దు కాదంటుంది. ఈ సమీకరణ చట్టం కింద జరిగింది, ఆ ప్లాట్లు ఆ ఎకరానికి బదులుగానే వచ్చాయి, కాబట్టి అవి అన్నదానానివే అని ఎదుటివారు అనవచ్చు. సంతకంలో స్వచ్ఛంద ఇష్టం ఎంత, చట్టం నడిపించినది ఎంత అన్న వాస్తవాల మీదే ఇది తేలుతుంది.

అదే రైతు 2012లోనే మరణించి ఉంటే లెక్క మారుతుంది. అప్పటికే ఎకరం అన్నదానానికి చేరిపోయింది, 2015లో మారినది ధర్మాదాయపు ఆస్తి. కౌలు లేని ప్లాటుతో ఏటా అన్నం పెట్టలేకపోయినా దానం చావదు. దాత మొదట చెప్పిన పద్ధతి కుదరనప్పుడు దానికి అతి దగ్గరి ప్రయోజనానికి ఆ ఆస్తిని మళ్లించే అధికారం 1976 సవరణతో సివిల్ ప్రక్రియా స్మృతి 92(3)లో కోర్టుకు స్పష్టంగా వచ్చింది. ప్లాటు వాణిజ్య భాగం అద్దెతో అన్నదానం నడపమని, ఇతర చట్టాల కింద ఉన్న సంస్థ కాకపోతే, అడ్వొకేట్ జనరల్ గాని, కోర్టు అనుమతి పొందిన ఆసక్తిగల ఇద్దరు వ్యక్తులు గాని దావా వేయవచ్చు. ఆ ఇద్దరు దాత బంధువులే కానక్కర్లేదు. ఆ ధర్మంలో నిజమైన ఆసక్తి ఉన్నవారైతే, ఆ పంక్తిలో తినే యాత్రికులైనా చాలు.